ఉప్పల్ నాన్‌స్టాప్

లండన్‌కు ఆగకుండా పోయే విమానం ఎక్కాలా, మధ్యలో ఆగి పోయేది ఎక్కాలా అన్న ఒక్క ముచ్చట మీదే మా కొత్త కాపురం మొదటి నెలలన్నీ నడిచాయి. కొత్త కాపురం అనగానే లేత వయసును ఊహించుకోవద్దు. నాకు యాభై దాటాయి, ఆయన నాకంటే ఇంకాస్త పెద్ద. నేను నాచారంలో ఒక బడిలో సోషల్ టీచరును. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చి, ఇక్కడొక మందుల కంపెనీలో లెక్కలు చూస్తూ రామంతాపూర్‌లో అద్దెకుంటూ స్థిరపడిపోయిన మనిషి. ఇద్దరికీ ఇదే మొదటి పెళ్లి. ఇంత ఆలస్యమేమిటని అడిగినవాళ్లకు "ట్రాఫిక్" అని చెప్పేదాన్ని. ఉప్పల్ వైపు ఉండేవాళ్లు ఆ జవాబు విన్నాక ఇంకో ప్రశ్న వేయరు.

మేం కలిసిందే బస్సులో. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ దారిన పోయే బస్సు కోసం నిలబడితే "నాన్‌స్టాప్, నాన్‌స్టాప్" అన్న కేక వినిపిస్తుంది. ఆ మాటకు మా దగ్గర అర్థం వేరు. నాన్‌స్టాప్ బస్సు ఘట్‌కేసర్‌లో ఆగుతుంది. బీబీనగర్‌లో ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు కాబట్టి అక్కడా ఆగుతుంది. భువనగిరిలో ఆగక తప్పదు. ఆలేరులో డ్రైవరు చాయ్ తాగాలి. ఇవిగాక కండక్టరుకు తెలిసినవాళ్ల ఊళ్లు ఉండనే ఉంటాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ బస్సుల్లో తిరుగుతున్నవాళ్లం కాబట్టి ఆ కేకను మేం పట్టించుకోం, సీటు ఖాళీ ఉందా లేదా అన్నదే చూసుకుంటాం.

ఆ రోజు నేను జనగామలో చుట్టాలింటి పెళ్లికి పోతున్నాను. పక్క సీట్లో ఒకాయన చేతిసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కండక్టరు తలుపు లాగేసి "నాన్‌స్టాప్" అని ఆఖరి కేక వేయగానే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్నిచోట్లా ఆగే బస్సు చూపించమని ఎవరినో అడిగితే, ఆ మహానుభావుడు తెచ్చి ఇందులోకి తోశాడట. నావైపు తిరిగి, ఇది మధ్యలో ఎక్కడా ఆగదా అండీ అని అడిగారు. తొందర పని మీద పోతున్న మనిషి, ఆగదంటే సంతోషిస్తారని ముందు అనుకున్నాను. అప్పుడు ఆయన చూపు మూసిన తలుపు మీదే ఉండడం కనిపించింది.

"ఫికర్ జెయ్యకుండ్రి సార్," అన్నాను. "ఇది ఉప్పల్ నాన్‌స్టాప్. చెయ్యెత్తిన కాడల్ల ఆగుతది."

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. తేరుకున్నాక తానే చెప్పారు. ఎత్తంటే భయం లేదు, వేగమంటే భయం లేదు. తలుపు మూశారు, ఇక తీయరు అని తెలిస్తే మాత్రం ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉంటుందట. చిన్నప్పటి నుంచీ అంతే. సినిమాహాల్లో నడవ పక్క సీటు, ఆఫీసులో గుమ్మం పక్క టేబులు. లిఫ్టులో పోతే అన్ని అంతస్తుల బటన్లూ నొక్కేస్తారు. నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వారు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, కాసేపు నేల మీద నిలబడి, రోడ్డును తృప్తిగా చూసుకొని ఎక్కేవారు. ఆలేరులో నాకు చాయ్ తెచ్చిచ్చారు. జనగామలో నేను దిగితే నాతోపాటు దిగి, మాటల్లో పడి బస్సును వదిలేసుకున్నారు. సంచి ఒక్కటే హన్మకొండ పోయింది. దాన్ని వెతికించే ఫోన్లలో ఆయన నంబరు నా దగ్గరికి, నా నంబరు ఆయన దగ్గరికి చేరాయి.

పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. నాగారంలో ఉండే మా అక్క, కొత్త జంటకు తోడుగా రెండు రోజులు ఉండి పోదామని బట్టలు సర్దుకొని వచ్చింది. పడగ్గది తలుపు వేయడం ఈ ఇంట్లో ఉండదని, సగం తెరిచే ఉంటుందని నేను నసుగుతూ చెప్పాను. అక్క నన్ను చూసింది, ఆయన్ను చూసింది, తలుపును చూసింది. "గిదేం కాపురమే" అని పొద్దు గూకకముందే ఆటో మాట్లాడుకొని వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ఆగి, ఇద్దరం పొట్టలు పట్టుకొని నవ్వాం. ఈ వయసులో సిగ్గుపడడం ఇంత హాయిగా ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

పెళ్లికి నగ ఏం కావాలో చెప్పమని ఆయన అడిగితే, నగ వద్దు, సున్నా గీత కావాలన్నాను. ఏటా ఆరో తరగతి పిల్లలకు రేఖాంశాలు చెప్పే రోజున గది నేల మీద సుద్దతో పొడుగ్గా ఒక గీత గీస్తాను. ఇటు తూర్పు, అటు పడమర, అసలు గీత లండన్‌లో గ్రీనిచ్ అనే చోట ఉంది అని చెప్పి, ఒక్కొక్కరినీ దాని మీద కాళ్లు చెరో పక్క పెట్టించి నిలబెడతాను. ఇన్నేళ్లలో ఎందరు పిల్లలను నిలబెట్టానో. నేను మాత్రం సుద్ద గీత దగ్గరే ఉండిపోయాను. అసలు గీతకు అటు మీరు, ఇటు నేను నిలబడాలి, మీరు పడమర, నేను తూర్పు అన్నాను. తూర్పు నుంచి వచ్చిన గోదావరి మనిషిని పడమరకు నెడతావా అని ఆయన మురిసిపోయి, సరే పోదామన్నారు. మళ్లీ మళ్లీ చెప్పుకొని సంబరపడ్డాం. అక్కడికి విమానంలో పోవాలన్న సంగతి మర్నాడు గాని ఇద్దరికీ తట్టలేదు.

"విమానానికి తలుపుంటుంది," అన్నారాయన, దోసె తింటున్నవారు ఆగి.

అక్కడ మొదలైంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు ఆగకుండా పోయేవి ఉన్నాయి, కూర్చుంటే దాదాపు పది గంటలు గాలిలోనే. లేదంటే గల్ఫులో ఏదో ఒక ఊళ్లో దిగి, కొన్ని గంటలు పడిగాపులు పడి, ఇంకో విమానం ఎక్కాలి. మామూలు మనుషులు ఇందులో ధర చూస్తారు, సమయం చూస్తారు. మేం తలుపులు చూశాం. ఆగనిదైతే ఒక్కసారే మూస్తారు, కానీ చివరిదాకా తీయరు. ఆగేదైతే త్వరగా తీస్తారు, కానీ రెండుసార్లు మూస్తారు. అందులోనూ ఒకసారి బయటపడ్డ మనిషి తన కాళ్లతో తానే నడిచి వెళ్లి మళ్లీ కూర్చోవాలి. మొదటిసారంటే తెలియక కూర్చుంటాను, రెండోసారి తెలిసి తెలిసి ఎలా కూర్చోను అన్నది ఆయన వాదం. పొద్దున టిఫిను దగ్గర నాన్‌స్టాప్ ఖాయమయ్యేది. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆగే విమానం గెలిచేది. రామంతాపూర్ చెరువు దాకా నడిచి వచ్చేలోగా రెండూ ఓడిపోయి, ఓడలో పోతే ఎలా ఉంటుందన్న దాకా వెళ్లేవాళ్లం.

మా అక్క ఒకసారి ప్యాకేజీ టూరులో సింగపూర్ పోయొచ్చింది కాబట్టి విమానాల విషయంలో మా ఖాందాన్ మొత్తానికి ఆమే పెద్ద దిక్కు. ఆగే విమానమైతే ఒకే టికెట్టు మీద రెండు దేశాలు చూసినట్టని ఫోనులో తేల్చేసింది. ఆ ఎయిర్‌పోర్టుల్లో సెంటు సీసాలు ఊరికే చేతి మీద కొట్టుకోవచ్చట, ఎవరూ ఏమీ అనరట. తను ఎన్ని కొట్టుకున్నదంటే, తిరుగు ప్రయాణంలో మా బావ వేరే సీటు అడిగి పోయి కూర్చున్నాడట. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. రెండుసార్లు ఎగరడం, రెండుసార్లు దిగడం, పైగా మ్యాపులో నా బెత్తంతో చూపించిన ఎడారి దేశమొకటి కళ్లారా కనిపించడం. స్టాఫ్ రూములో కూర్చొని నాలో నేను నవ్వుకుంటుంటే లెక్కల టీచరు ఏమైందని అడిగింది. కానీ ఆ మధ్య ఊళ్లో ఈయన రెండో విమానం ఎక్కనని కూర్చుంటే? రెండు పెట్టెలతో ఎడారిలో నిలబడతాం, గీత ముందెక్కడో, ఇల్లు వెనకెక్కడో. ఆ ఆలోచన వచ్చిన రోజే నేను నాన్‌స్టాప్ పార్టీలో చేరిపోయాను.

అయితే అలవాటు చేసుకుంటానన్నారు ఆయన. ఆగని బండి ఏదైనా ఎక్కి, తలుపు మూసుకొని కూర్చొని, సాధన చేయాలి. ముందు మెట్రో ఎక్కాం. కళ్లు మూసి తెరిచేలోగా ఇంకో స్టేషను, ఇంకోసారి తలుపులు. ఆయన హాయిగా రాయదుర్గం దాకా పోయి, హాయిగా వెనక్కి వచ్చారు. సాధన ఏమీ జరగలేదు. తరువాత మా పాత బస్సే ఎక్కాం. ఎక్కుతూనే కండక్టరును పక్కకు పిలిచి, తమ్ముడూ, ఈ ఒక్క రోజు నిజంగా ఆపకు, మాకు జర అవసరముంది అని బతిమాలాను. అతను నన్ను విచిత్రంగా చూసినా, గుండె మీద చెయ్యి పెట్టుకొని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకునేవాడే కూడా. మేడిపల్లి దాటకముందే ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కున్నాం. ఎంతసేపటికీ కదలకపోయేసరికి డ్రైవరే తలుపు తీసేశాడు. జామకాయలామె లోపలికొచ్చి, కోసి, ఉప్పూకారం చల్లి, ఇద్దరి చేతుల్లో పెట్టి దిగిపోయింది. నగరానికి తూర్పు దిక్కున ఆగకుండా పోయే బండంటూ ఒక్కటీ లేదని ఆ రోజు మాకు రూఢి అయింది. జామకాయలు మాత్రం చాలా బాగున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన నవ్వడం మానేశారు. కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కొని కూర్చున్నారు.

"నువ్వెళ్లి రా," అన్నారు. "నీ కోరిక నా తలుపు దగ్గర ఆగిపోకూడదు. నేనిక్కడే ఉండి ఫొటోలు చూస్తాను."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, బడిలో అందరికీ తెలుసు. ఒక్కదాన్నే పోయేదైతే ఎప్పుడో పోయొచ్చేదాన్నని అన్నాను. పెళ్లిళ్లకు ఒక్కదాన్నే పోయాను, సినిమాలకు ఒక్కదాన్నే పోయాను, జ్వరమొస్తే దవాఖానాకు కూడా ఒక్కదాన్నే పోయాను. గీతకు అటుపక్క మీరు లేకుంటే నాకు దానికన్నా నా సుద్ద గీతే నయమన్నాను. అంటుంటేనే ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలనే చప్పుడు చేస్తూ మళ్లీ కడిగాను. ఆయన వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాన్‌స్టాపే తీసుకుందాం, ఒక్కసారే కదా మూసేది, నీ చెయ్యి పట్టుకుంటాను అన్నారు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన నుదుటి మీద చెమట కనిపించింది. ఎక్కడ మనసు మార్చుకుంటారోనని మర్నాడే టికెట్ల పని మీద బయలుదేరాను.

మా బడి వీధి మలుపులోనే ట్రావెల్స్ ఆఫీసు. అక్కడ కూర్చునే అమ్మాయి పద్ధతి గల మనిషి. చెప్పింది విని, మళ్లీ మనకే చెప్పి, ఔనంటేనే మీట నొక్కుతుంది. అంతా సవ్యంగానే మొదలైంది. ఎలాంటి విమానం కావాలి మేడమ్ అని ఆమె అడిగినప్పుడు నాన్‌స్టాప్ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. కానీ ఆ మాటను నేను జీవితంలో ఎన్నడూ నమ్మింది లేదు. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు ఒకదాని వెనక ఒకటి కళ్లముందు కదిలాయి.

"పేరుకు నాన్‌స్టాప్ అని ఉండేది మాకొద్దమ్మా," అన్నాను. "డైరెక్ట్ కావాలె. పక్కా డైరెక్ట్."

డైరెక్టే కదా అని ఆమె మళ్లీ అడిగింది. నేను బల్ల చరిచి మరీ ఔనన్నాను. ముందు వరుసలో, తలుపుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా సీట్లు కూడా అడిగి తీసుకున్నాను. దారిలో మిఠాయి కొనుక్కొని గర్వంగా ఇంటికొచ్చాను.

ఆయన లెక్కల మనిషి. ఏ కాగితమైనా కళ్లజోడు పెట్టుకొని పైనుంచి కింది దాకా చదవాల్సిందే. టికెట్టు మీద వేలు పెట్టి చదువుతూ పోతూ ఒకచోట ఆగారు. ఇక్కడ ఒక స్టాప్ అని ఉందేంటి అన్నారు. చేతిలో మిఠాయి చేతిలోనే ఉండగా ఆ అమ్మాయికి ఫోను చేసి, స్పీకరులో పెట్టి, గొంతు పెంచాను. ఆమె ఏమాత్రం తొణకలేదు. నాన్‌స్టాప్ అంటే ఎక్కడా దిగదు మేడమ్, డైరెక్ట్ అంటే విమానం మారే పని ఉండదు, అంతే అంది. అదే విమానం, అదే సీటు, కానీ మధ్యలో ఒకచోట దిగి, కొందరిని దించి, కొందరిని ఎక్కించుకొని పోతుంది. ముందుకు పోయేవాళ్లను అక్కడ బయటికి వదలరు. వద్దంటే ఇప్పుడే మారుస్తానంది. ఉప్పల్ తెలివి ఉపయోగించి నాన్‌స్టాప్‌ను తప్పించుకున్నది నేనే. తలెత్తి ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన మాత్రం ఫోను మీదికి వంగారు.

"ఆగినప్పుడు తలుపు తీస్తారా అమ్మా?"

తీస్తారు సార్, బయలుదేరేదాకా తీసే ఉంటుంది అందామె. ఆయన నిటారుగా లేచి నిలబడి, మార్చవద్దని చెప్పి, ఫోను పెట్టేశారు.

"ఏమోయ్," అన్నారు, "నువ్వు కొన్నది ఉప్పల్ నాన్‌స్టాప్."

అక్కడికక్కడే ఇద్దరం గంతులేసినంత పని చేశాం. మోకాళ్ల నొప్పి ఆయనకూ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు. దిగే పని లేదు, మళ్లీ నడిచి వెళ్లి ఎక్కే పని లేదు, కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే ఉంచి తలుపు తీస్తారు, ఇంతకన్నా మంచి విమానాన్ని మనుషులు కనిపెట్టలేదని మిఠాయి తింటూ తీర్మానించారు. తలుపు తీయగానే వెళ్లి దాని దగ్గర నిలబడతారట. కడుపునిండా గాలి పీల్చుకొని, ఆ గాలితోనే మిగిలిన సగం లాగేస్తారట. అది లేకుంటే తన వల్ల కాదని కూడా చెప్పారు. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను.

ప్రయాణం రోజు పొద్దున విమానం తలుపు మూసినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజొకటి చిట్లింది. పెదాలు తెల్లబడ్డాయి. నాకు వేరే మంత్రమేదీ తెలియదు. చెవి దగ్గర మెల్లగా మొదలుపెట్టాను. ఇప్పుడే ఉప్పల్ దాటినం, మేడిపల్లిలో ఇయ్యాల ట్రాఫిక్ లేదు, ఘట్‌కేసర్‌లో ముసలామె మూటతోని ఎక్కుతున్నది, ఆలేరులో ఆగినంక చాయ్ తాగుదం. సముద్రం మీదికి రాగానే బీబీనగర్ వచ్చిందన్నాను. తెల్లటి మబ్బు గుట్టగా కనిపిస్తే అదే భువనగిరి ఖిల్లా అన్నాను. నడవకు అటుపక్క కూర్చున్న మనిషి మావైపు తిరిగి చూశాడు, నేను లెక్కచేయలేదు. ఈయన కళ్లు మూసుకొని, ఆలేరుకు ఇంకెంత దూరమని మధ్యమధ్య అడుగుతూ విన్నారు. పట్టు కొంచెం కొంచెంగా సడలింది. భయంతో వారం రోజులుగా సరిగా కన్నుమూయని మనిషి. ఆలేరు రాకముందే తల నా భుజం మీద వాలింది.

విమానం దిగింది. చక్రాలు దబ్బుమని నేలను తాకినా ఆయన కదల్లేదు. మా ముందే తలుపు తీశారు. వేడిగాలి లోపలికొచ్చింది. కొందరు దిగారు, శుభ్రం చేసేవాళ్లు వచ్చారు, కొత్తవాళ్లు ఎక్కారు. నేను చెమటలు కక్కుతూ కూర్చున్నాను. లేపితే ఆయనకు ఆ తలుపు దొరుకుతుంది, కానీ అది మళ్లీ మూయడం కూడా చూడాలి. లేపకపోతే ఆ మూయడం తప్పుతుంది, కానీ గాలిలోకి పోయాక మెలకువ వచ్చి, ఆగాల్సిన చోటు దాటిపోయిందని తెలిస్తే ఏమవుతారో. అన్ని నెలలు మేం చేసిన వాదన తిరిగి మొదటికొచ్చింది, ఈసారి వాదించుకోవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. భుజం మీద తల బరువుగా, వెచ్చగా ఉంది. సన్నగా గురక పెడుతున్నారు. "ఆలేరు" అన్నాను చెవిలో, మనిషిని లేపడానికి చాలనంత మెల్లగా. తలుపు మూశారు.

మళ్లీ మబ్బుల్లోకి వచ్చిన చాలాసేపటికి ఆయన కళ్లు తెరిచారు. గడ్డం తుడుచుకొని, కిటికీ వైపు చూసి, నా వైపు తిరిగారు.

"ఆలేరు ఇంకా రాలేదా?"

రాలేదని అబద్ధం చెబుదామని నోరు తెరిచాను. నావల్ల కాలేదు.

"ఆలేరు పోయింది," అన్నాను. "తలుపు తీసిన్రు, మళ్ల మూసిన్రు. మీరు పండుకున్నరు."

ఆయన తలుపు వైపు చూశారు. రెండు చేతులూ సీటు అంచులను పట్టుకున్నాయి. ఛాతీ ఒకసారి పైకి లేచి, దిగింది. నేను చూస్తూ ఉన్నాను. ఇంకోసారి లేచి, దిగింది. ఆయన తల వంచి తన ఛాతీని తానే కాసేపు ఆశ్చర్యంగా చూసుకున్నారు. తరువాత సీటు అంచును వదిలేసి, గాజు చిట్లని చెయ్యి ఏదో చూసుకొని మరీ నా చెయ్యి పట్టుకున్నారు.

"అయితే ఇక జనగామే కదా," అన్నారు. "దిగేటప్పుడు సంచి గుర్తు చెయ్యి."